క్యూబాను వదిలి ఫిలిప్పీన్స్‌ను ఉంచుకోవడమేమిటి?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1898లో స్పెయిన్‌ను ఓడించిన అమెరికా తన తీరానికి 90 మైళ్ల దూరంలో ఉన్న క్యూబాకు స్వాతంత్ర్యం ఇచ్చి, పసిఫిక్ అవతల సుమారు 7 వేల మైళ్ల దూరంలో ఉన్న ఫిలిప్పీన్స్‌ను ఎందుకు ఉంచుకుంది? బ్రిటన్ మీద తిరగబడి పుట్టిన దేశం తానే వలసలు ఏలడానికి ఎలా ఒప్పుకుంది? అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలుడు, పత్రికల రెచ్చగొట్టుడు అంటూ గైడ్లలో కనిపించే కారణాలు సరిపోతాయా?

అమెరికా చరిత్రను చాలాకాలం డిగ్రీ, పీజీ తరగతులకు బోధించినవాణ్ని కనుక కాస్త వివరంగానే రాస్తాను. మొదటి ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. అమెరికా క్యూబాకు ఇచ్చినదాన్ని స్వాతంత్ర్యం అనడం కష్టం. అది ఎలాంటిదో తెలిస్తే మిగతా రెండింటికీ జవాబు దొరుకుతుంది. అయితే ముందు హవాయి సంగతి చూడాలి, ఎందుకంటే ఈ కథ 1898లో మొదలు కాలేదు.

హవాయిలో అంతా చక్కెర చుట్టూ తిరిగింది. 1875లో హవాయి రాజ్యానికీ అమెరికాకూ కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి చక్కెర సుంకం లేకుండా అమెరికా మార్కెట్లోకి రాసాగింది. చూస్తుండగానే ద్వీపాలంతటా చెరకు తోటలు పరుచుకున్నాయి. తోటల యజమానుల్లో చాలామంది మతప్రచారానికి వచ్చిన అమెరికన్ల పిల్లలు, వారి బంధువులు. కూలీలను చైనా, జపాన్, పోర్చుగల్ దేశాల నుంచి తెచ్చారు. 1887లో ఒప్పందాన్ని పొడిగించినందుకు ప్రతిఫలంగా పెర్ల్ హార్బర్‌ను వాడుకునే ప్రత్యేక హక్కు అమెరికా నౌకాదళానికి దక్కింది. అదే ఏడాది ఈ తెల్లవారి వర్గం ఆయుధాలు చూపించి కలాకౌవా రాజు చేత కొత్త రాజ్యాంగం మీద సంతకం చేయించింది. దాంతో ఆస్తిపాస్తులున్న అమెరికన్లు, యూరోపియన్లు ఓటర్లయ్యారు. పేద హవాయీయుల్లో చాలామందికి ఉన్న ఓటు పోయింది. ఆసియా కూలీలకైతే ఓటు ఊసే లేదు.

1890లో వాషింగ్టన్ సుంకాల చట్టాన్ని మార్చింది. ఏ దేశపు ముడి చక్కెరకైనా సుంకం అక్కర్లేదంది, స్వదేశంలో పండించిన చక్కెరకు పౌనుకు 2 సెంట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. హవాయి చక్కెరకు అంతవరకూ ఉన్న వెసులుబాటు ఒక్కసారిగా విలువలేనిదైపోయింది. అమెరికాలో కలిసిపోతే తమ చక్కెర కూడా స్వదేశీ అవుతుందన్న లెక్క కొందరికి అప్పుడే తట్టింది. అలాగని చక్కెర ఒక్కటే కారణమని నేననను. విలీనమైతే ఆసియా కూలీల రాకకు అమెరికా చట్టాలు అడ్డుపడతాయన్న భయంతో కొందరు పెద్ద తోటల యజమానులే దాన్ని వ్యతిరేకించారు.

1893 జనవరిలో రాణి లిలియుఒకలాని రాజ్యాంగాన్ని మళ్లీ మార్చి సింహాసనానికి అధికారాలు తిరిగి తెచ్చుకోబోయింది. 13 మంది సభ్యుల కమిటీ ఒకటి ఆమెను దించేసింది. అమెరికా రాయబారి జాన్ స్టీవెన్స్ బోస్టన్ అనే యుద్ధనౌక నుంచి 160 మందికి పైగా సాయుధులను హొనొలులులో దింపాడు, తిరుగుబాటుదారుల ప్రభుత్వాన్ని వెంటనే గుర్తించాడు. ఇక్కడ చాలా గైడ్లు వదిలేసే విషయం ఒకటి ఉంది. కొత్తగా గద్దెనెక్కిన అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ విచారణ జరిపించి, జరిగింది అన్యాయమని కాంగ్రెస్‌కు రాతపూర్వకంగా చెప్పాడు, విలీన సంధిని వెనక్కి తీసుకున్నాడు. రాణికి గద్దె తిరిగి ఇవ్వాలని కోరితే తిరుగుబాటు ప్రభుత్వాధినేత శాన్‌ఫోర్డ్ డోల్ కుదరదన్నాడు. బలం ప్రయోగించడానికి క్లీవ్‌లాండ్ సిద్ధపడలేదు. హవాయి అలా మధ్యలో వేలాడింది.

1897లో అధ్యక్షుడు మెకిన్లీ కొత్త విలీన సంధిని సెనెట్ ముందు పెట్టాడు. దానికి వ్యతిరేకంగా హవాయీయులు 21 వేలకు పైగా సంతకాలు సేకరించి వాషింగ్టన్‌కు పంపారు. అప్పటి స్థానిక హవాయీయుల జనాభాలో అది సగానికి పైనే. సంధికి సెనెట్‌లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి, అది దొరకలేదు. 1898 వేసవిలో మనీలాలో యుద్ధం నడుస్తుండగా దారిలో బొగ్గు నింపుకునే రేవు కావాలన్న వాదన బలపడింది. అప్పుడు ప్రభుత్వం సంధిని పక్కన పెట్టి సంయుక్త తీర్మానం ప్రవేశపెట్టింది. దానికి రెండు సభల్లో మామూలు మెజారిటీ చాలు. 1845లో టెక్సస్‌ను కలుపుకున్నప్పుడు వాడిన దారే అది. జులై 7న మెకిన్లీ సంతకంతో ఒక రాజ్యం అమెరికాలో కలిసిపోయింది. రాజ్యాంగం ఒక తలుపు మూసినప్పుడు మరో తలుపు వెతకడం ఈ కథలో ఇంకా చాలాసార్లు కనిపిస్తుంది.

ఇక గైడ్లలో ఉండే పెద్ద కారణాలు. 1890లో నౌకాదళ అధికారి ఆల్‌ఫ్రెడ్ మహాన్ సముద్ర బలం గురించి రాసిన పుస్తకం, అదే ఏడాది జనాభా లెక్కల శాఖ పశ్చిమాన ఖాళీ భూముల సరిహద్దు ఇక లేదని తేల్చడం, దాన్ని పట్టుకుని 1893లో చరిత్రకారుడు ఫ్రెడరిక్ టర్నర్ చేసిన వాదన, అదే ఏడాది మొదలైన ఆర్థిక మాంద్యం, మిగులు సరుకుకు విదేశీ మార్కెట్లు కావాలన్న ఆరాటం. ఇవన్నీ నిజమే. కానీ ఇవి వాతావరణం ఎలా ఉందో చెబుతాయి తప్ప, ఫలానా రోజు ఫలానా నిర్ణయం ఎందుకు జరిగిందో చెప్పవు. మహాన్ పుస్తకం రాకముందే కొత్త ఉక్కు ఓడలకు 1883లో కాంగ్రెస్ డబ్బు కేటాయించింది. చైనా మార్కెట్ గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా, ఆ రోజుల్లో అమెరికా ఎగుమతుల్లో చైనా వాటా చాలా స్వల్పం. ఆశలు పెద్దవి, లెక్కలు చిన్నవి.

మెయిన్ ఓడ సంగతికి వద్దాం. 1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో అది పేలి 260 మందికి పైగా నావికులు చనిపోయారు. అప్పటి నౌకాదళ విచారణ బయటి నుంచి పేల్చిన మందుపాతరే కారణమంది. 1976లో అడ్మిరల్ రికోవర్ చేయించిన పరిశోధన మాత్రం లోపలి కారణాలవైపు, బహుశా బొగ్గు గదిలో రాజుకున్న మంట పక్కనున్న మందుగుండుకు తగలడంవైపు మొగ్గింది. పత్రికల పాత్ర గురించి ఒక హెచ్చరిక. మీరు బొమ్మలు పంపండి, యుద్ధం నేను తెస్తానని పత్రికాధిపతి హర్స్ట్ తన చిత్రకారుడికి తంతి ఇచ్చాడన్న కథను జవాబు పత్రంలో రాయకండి. ఆ తంతిని చూసినవారు లేరు. అది ఒక విలేకరి 1901లో రాసుకున్న జ్ఞాపకాల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. పత్రికలు మంటను ఎగదోశాయి, అంతవరకే.

మంట అప్పటికే అక్కడ ఉంది. 1895 ఫిబ్రవరిలో క్యూబన్లు స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాది అమెరికా క్యూబా చక్కెర మీద మళ్లీ సుంకం వేయడంతో అక్కడి బతుకులు కుదేలయ్యాయి. ఇక్కడా చక్కెరే. తిరుగుబాటును అణచడానికి వచ్చిన స్పానిష్ జనరల్ వెయ్లర్ 1896 నుంచి పల్లె జనాన్ని సైన్యం కాపలాలోని పట్టణాలకు తోలి, బయట ఉన్న పంటలను తగలబెట్టించాడు. ఆకలితో, జబ్బులతో లక్షకు పైగా జనం చనిపోయారు. అమెరికా పత్రికలు అతన్ని కసాయి అన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

తిరుగుబాటు నాయకుడు హోసే మార్తీ చాలా ఏళ్లు న్యూయార్క్‌లో ప్రవాసంలో గడిపినవాడు. యుద్ధంలో చనిపోవడానికి ముందు రోజు, 1895 మే 18న, మెక్సికోలోని మిత్రుడికి ఒక ఉత్తరం మొదలుపెట్టాడు. క్యూబా స్వాతంత్ర్యం ద్వారా అమెరికా కరీబియన్ దీవుల మీదుగా వ్యాపించకుండా అడ్డుకోవడమే తన పని అని అందులో రాశాడు. "నేను ఆ రాక్షసి కడుపులో బతికాను, దాని పేగులు నాకు తెలుసు" అన్న ప్రసిద్ధ వాక్యం అందులోదే. స్పెయిన్‌తో పోరాడుతూనే అతను అసలు ప్రమాదం ఎటునుంచి వస్తుందో చూశాడు.

1898 ఏప్రిల్‌లో యుద్ధానికి అనుమతి ఇచ్చే తీర్మానంలో కొలరాడో సెనెటర్ హెన్రీ టెల్లర్ ఒక సవరణ చేర్పించాడు. క్యూబాను తన ఆధీనంలో ఉంచుకునే ఉద్దేశం అమెరికాకు లేదని అది ప్రకటించింది. టెల్లర్‌కు క్యూబన్ల మీద నిజమైన సానుభూతి ఉంది. అతని రాష్ట్రంలో చక్కెర దుంప సాగుకు భవిష్యత్తు ఉందనీ, క్యూబా చక్కెర స్వదేశీ అయితే ఆ రైతులు మునుగుతారనీ కూడా మరిచిపోకూడదు. క్యూబాలో గణనీయంగా ఉన్న నల్లజాతి జనాన్ని పౌరులుగా కలుపుకోవడం ఇష్టంలేని దక్షిణాది సభ్యులు దానికి సంతోషంగా ఓటేశారు. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. సవరణలో ప్యూర్టోరికో పేరు లేదు. గువామ్ పేరు లేదు. ఫిలిప్పీన్స్ పేరూ లేదు, ఎందుకంటే ఏప్రిల్ నెలలో వాటి గురించి ఆలోచించినవారు నౌకాదళ కార్యాలయంలో కొద్దిమందే.

మే 1న కమోడోర్ డ్యూయీ మనీలా అఖాతంలో స్పానిష్ నౌకలను ఒక్క ఉదయంలో ముంచేశాడు. జూన్‌లో ఛార్లెస్టన్ అనే ఓడ గువామ్ వెళ్లి కాల్పులు జరిపితే, యుద్ధం మొదలైందని తెలియని అక్కడి స్పానిష్ అధికారులు అది మర్యాద వందనం అనుకుని, బదులు వందనానికి తమ దగ్గర తుపాకి మందు లేదని క్షమాపణ చెప్పడానికి వచ్చారు. సామ్రాజ్యాలు మారడం ఎప్పుడూ గంభీరంగా ఉండదు.

మనీలాలో జరిగిందాంట్లో హాస్యం లేదు. ఎమిలియో ఆగినాల్డో నాయకత్వంలోని ఫిలిపీనో విప్లవకారులు జూన్ 12న కవీత్‌లో స్వాతంత్ర్యం ప్రకటించారు. స్పెయిన్ సైన్యాన్ని మనీలా గోడల లోపలికి తరిమి నగరాన్ని ముట్టడించింది వాళ్లే. ఆగస్టు 13న అమెరికన్లూ స్పానిష్ అధికారులూ ముందే మాట్లాడుకుని ఒక ఉత్తుత్తి యుద్ధం జరిపి, నగరం ఫిలిపీనోల చేతికి పోకుండా అమెరికా చేతికి మార్చారు. నిజానికి ముందు రోజే వాషింగ్టన్‌లో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. తంతి తీగ తెగి ఉండడంతో ఆ కబురు మనీలాకు చేరలేదు. అంతకు నెల ముందు క్యూబాలోని శాంటియాగోలో కూడా ఇదే. స్పెయిన్ లొంగిపోయినప్పుడు క్యూబన్ జనరల్ కాలిస్తో గార్సియా సేనలను నగరంలోకి రానివ్వలేదు. డిసెంబరు 10న పారిస్ సంధి మీద సంతకాలు జరిగినప్పుడు క్యూబన్లు లేరు, ఫిలిపీనోలు లేరు. రెండు కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ చేతులు మారింది.

అసలు ఎందుకు తీసుకున్నారు? రాత్రి మోకాళ్ల మీద ప్రార్థిస్తుంటే ఫిలిపీనోలను ఉద్ధరించాలని తోచిందని మెకిన్లీ చెప్పాడన్న కథ ఆయన చనిపోయాక 1903లో అచ్చయింది, దాన్ని నేను నమ్మను. నాకు సరైనదనిపించే వివరణ ఇంకా మామూలుది. డ్యూయీ విజయం తర్వాత ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్‌కు తిరిగి ఇస్తే ఓటర్లు ఒప్పుకోరు. వదిలేస్తే మనీలా అఖాతం చుట్టూ తిరుగుతున్న జర్మన్ ఓడలు ఊరుకోవన్న భయం ఉంది. మనీలా ఒక్కటే ఉంచుకుంటే దాన్ని కాపాడటం కష్టమని సైనికులు చెప్పారు. ఫిలిపీనోలు తమను తాము ఏలుకోగలరన్న ఆలోచన మాత్రం వాషింగ్టన్ బల్ల మీదికే రాలేదు. తొలి అడుగు అనుకోకుండా పడిందనవచ్చు. అక్కడే ఉండిపోవడం మాత్రం అక్టోబరులో తీసుకున్న స్పష్టమైన నిర్ణయం.

సెనెట్ సంధిని 1899 ఫిబ్రవరి 6న 57–27 ఓట్లతో ఆమోదించింది. కావలసిన మూడింట రెండొంతుల కంటే ఒక్క ఓటే ఎక్కువ. అంతకు రెండు రోజుల ముందు మనీలా శివార్లలో కాల్పులు మొదలయ్యాయి. వారం తర్వాత, స్థిరమైన ప్రభుత్వం ఏర్పడగానే ఫిలిపీనోలకు స్వాతంత్ర్యం ఇస్తామన్న సవరణ వస్తే ఓట్లు 29–29 అయ్యాయి. ఉపాధ్యక్షుడు హోబర్ట్ తన ఓటు వేసి దాన్ని ఓడించాడు. అమెరికా సామ్రాజ్యం విధిలిఖితంలా వచ్చిందని ఎవరైనా అంటే ఈ రెండు ఓటింగులు చూపించండి.

స్పెయిన్‌తో యుద్ధంలో పోరాటం కొన్ని వారాల్లో ముగిసింది, పోరులో చనిపోయిన అమెరికన్లు 400 లోపే. ఫిలిప్పీన్స్ యుద్ధం 3 ఏళ్లకు పైగా సాగింది. సుమారు 4,200 మంది అమెరికన్ సైనికులు, దాదాపు 20 వేల మంది ఫిలిపీనో పోరాటకారులు చనిపోయారు. పోరు, ఆకలి, కలరా కలిసి బలిగొన్న సామాన్య జనం 2 లక్షలకు తక్కువ ఉండరు. అయినా మన పాఠ్యపుస్తకాల్లో మొదటి యుద్ధానికి పేజీలు, రెండోదానికి ఒక వాక్యం.

అక్కడి అమెరికన్ జనరళ్లలో అత్యధికులు పశ్చిమాన మూలవాసులతో జరిగిన యుద్ధాల్లో పనిచేసినవాళ్లే. 1886లో అపాచీ నాయకుడు జెరోనిమోను వెంటాడి పట్టుకున్న దళానికి నాయకుడైన హెన్రీ లాటన్, 1899 డిసెంబరులో సాన్ మాతియో దగ్గర చనిపోయాడు. అతన్ని ఓడించిన ఫిలిపీనో దళాధిపతి పేరు లిసేరియో జెరోనిమో. మూలవాసుల భూములను ఆక్రమించిన యుద్ధాలకూ సముద్రం దాటిన యుద్ధాలకూ సంబంధం లేదని వాదించేవారికి ఈ అధికారుల జాబితా చూపిస్తే చాలు.

1901 సెప్టెంబరు 28న సమార్ దీవిలోని బలంగిగలో గ్రామస్తులు ఉదయం భోజనాల వేళ అమెరికన్ దళం మీద పడి సుమారు 48 మందిని చంపారు. ప్రతీకారంగా జనరల్ జేకబ్ స్మిత్ పదేళ్లు దాటిన మగవాళ్లందరినీ చంపమని ఆదేశించాడు. సైనిక న్యాయస్థానం విధించిన శిక్ష మందలింపు, ఆ తర్వాత అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అతన్ని పదవీ విరమణ చేయించాడు. అదే కాలంలో లూజోన్ దీవిలోని బతంగాస్‌లో జనరల్ ఫ్రాంక్లిన్ బెల్ పల్లె జనాన్ని నిర్బంధ ప్రాంతాల్లోకి తోలి, బయట దొరికిన ధాన్యాన్నీ పశువులనూ నాశనం చేయించాడు. క్యూబాలో వెయ్లర్ చేసింది ఇదే. దాన్ని ఆపడానికే యుద్ధానికి దిగామన్నవారు మూడున్నరేళ్లలో అదే పద్ధతిని చేతిలోకి తీసుకున్నారు. ఖైదీల నోట్లో బలవంతంగా నీళ్లు పోసే చిత్రహింస గురించి 1902లో సెనెట్ కమిటీ ముందు సైనికులే సాక్ష్యం చెప్పారు. ఇదంతా ఇప్పుడు ఎవరో తవ్వితీసిన రహస్యమని అనుకోకండి, ఆనాటి అధికారిక పత్రాల్లోనే ఉంది.

ఆగినాల్డోను 1901 మార్చిలో మాయోపాయంతో పట్టుకున్నారు. రూజ్‌వెల్ట్ 1902 జులై 4న యుద్ధం ముగిసిందన్నాడు. దక్షిణాన ముస్లిం ప్రాంతాల్లో మరో పదేళ్ల పైన నడిచింది.

కలుపుకున్న భూముల్లో మనుషులున్నారు. వాళ్లు ఎవరు? పౌరులా, పాలితులా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు నారింజ పండ్ల రూపంలో వచ్చింది. స్పెయిన్ నుంచి తీసుకున్న ప్యూర్టోరికో దీవి నుంచి న్యూయార్క్‌కు నారింజలు తెచ్చిన ఒక వర్తక సంస్థ మీద 659 డాలర్ల 35 సెంట్ల సుంకం వేశారు. ప్యూర్టోరికో అమెరికాలో భాగమైతే దేశం లోపల సుంకమేమిటని వాళ్లు కోర్టుకెక్కారు. 1901 మేలో 5–4 తేడాతో కోర్టు సుంకం సరైనదే అంది. ఆ దీవి అమెరికా సొత్తే గానీ అమెరికాలో భాగం కాదన్నది తీర్పు సారాంశం. అంతర్జాతీయంగా చూస్తే అది పరదేశం కాదట, దేశం లోపలి కోణంలో మాత్రం పరాయిదట. రాజ్యాంగం అక్కడ ఎంతవరకు వర్తిస్తుందో కాంగ్రెస్ తేలుస్తుంది. ప్రధాన తీర్పు రాసిన న్యాయమూర్తి బ్రౌన్, అయిదేళ్ల ముందు నల్లవారికి వేరే రైలు పెట్టెలు రాజ్యాంగబద్ధమేనని తీర్పు రాసినవాడే. రెండు కేసుల్లోనూ అసమ్మతి తెలిపిన జస్టిస్ హార్లన్ ఒక్కరే. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో ఎక్కువ ప్రభావం చూపింది ఈ తీర్పే, ఏ యుద్ధమూ కాదు. పౌరసత్వం ఇవ్వకుండా, రాష్ట్రం చేస్తామని మాట ఇవ్వకుండా భూమిని ఎంతకాలమైనా పట్టి ఉంచుకునే వీలు దానితోనే కలిగింది.

ఇక క్యూబా. టెల్లర్ సవరణ ఉంది కనుక కలుపుకోలేరు. సైన్యమేమో అక్కడే ఉంది. 1901 మార్చిలో కాంగ్రెస్ ప్లాట్ సవరణను ఆమోదించింది. క్యూబా తన స్వాతంత్ర్యానికి భంగం కలిగించే సంధులు చేసుకోకూడదు, ఆదాయానికి మించి అప్పులు చేయకూడదు, అవసరమనుకున్నప్పుడు జోక్యం చేసుకునే హక్కు అమెరికాకు ఉంటుంది, నౌకా స్థావరాలకు స్థలం ఇవ్వాలి. ఇదంతా క్యూబా రాజ్యాంగంలో రాసుకుంటేనే సైన్యం వెళుతుంది. క్యూబా రాజ్యాంగ సభ ఎదురు తిరిగి, చివరికి 16–11 ఓట్లతో తల వంచింది. అక్కడి సైనిక గవర్నర్ లియనార్డ్ వుడ్ అదే ఏడాది రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరంలో, ప్లాట్ సవరణ కింద క్యూబాకు స్వాతంత్ర్యం ఏమంత మిగల్లేదని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు.

తెలుగువారికి ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. 1798, 1800 సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీతో నిజాం చేసుకున్న సైన్య సహకార ఒప్పందాలు చదివినవారు వెంటనే గుర్తుపడతారు. గద్దె ఆయనదే, విదేశీ వ్యవహారాలు కంపెనీవి, సైన్యం ఖర్చుకు బదులు దత్త మండలాలు కంపెనీవి. తేడా ఏమిటంటే గవర్నర్ జనరల్ వెల్లస్లీ దాన్ని సంధిగా రాయించాడు, అమెరికా ఎదుటి దేశపు రాజ్యాంగంలోనే రాయించింది. గ్వాంటనామో స్థావరం ఆ సవరణ ఫలమే. 1903లో ఏడాదికి 2 వేల డాలర్ల బంగారు నాణేలకు కౌలు కుదిరింది. ప్లాట్ సవరణను 1934లో రద్దు చేసినా, రెండు పక్షాలూ ఒప్పుకుంటే తప్ప కౌలు ముగియదన్న షరతు మిగిలింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు. క్యూబాను వదల్లేదు, ఫిలిప్పీన్స్‌ను మరోలా పట్టుకున్నారు. రెండు పద్ధతులనూ ఒకే సమయంలో పరీక్షించి చూశారు. ఫిలిప్పీన్స్ పద్ధతి ఖరీదైనది: సైన్యం, పాలన, శవపేటికలు, సెనెట్ విచారణలు. క్యూబా పద్ధతి చవక. ఆ తర్వాత అమెరికా ఫిలిప్పీన్స్ వంటి పెద్ద వలసను మళ్లీ తీసుకోలేదు. 1917లో డెన్మార్క్ నుంచి రెండున్నర కోట్ల డాలర్లకు వర్జిన్ దీవులు కొనడం చిన్న మినహాయింపు.

పనామా క్యూబా నమూనాకే మరో రూపం. 1903 ఆగస్టులో కాలువ సంధిని కొలంబియా సెనెట్ తిరస్కరించింది, నవంబరు 3న, అప్పటివరకు కొలంబియాలో భాగమైన పనామా వేర్పాటు ప్రకటించింది, కొలంబియా సేనలకు అమెరికా యుద్ధనౌక అడ్డుగా నిలిచింది. రెండు వారాలు తిరిగేసరికి కాలువ ప్రాంతాన్ని శాశ్వతంగా అప్పగించే సంధి మీద పనామా తరఫున ఒక ఫ్రెంచివాడు, బునో వరియా, సంతకం చేశాడు. పనామా ప్రతినిధులు వాషింగ్టన్ చేరేసరికి పని అయిపోయింది.

డొమినికన్ రిపబ్లిక్ ఉదాహరణ తక్కువమంది రాస్తారు, మీరు తప్పకుండా రాయండి. 1902–03లో అప్పుల వసూలుకు బ్రిటన్, జర్మనీ, ఇటలీ నౌకలు వెనిజులా రేవులను దిగ్బంధించాయి. యూరప్ నౌకలు మళ్లీ ఇటు రాకుండా ఉండాలంటే అప్పులు తానే వసూలు చేయాలని రూజ్‌వెల్ట్ అనుకున్నాడు. యూరప్ జోక్యాన్ని వద్దన్న 1823 నాటి మన్రో సిద్ధాంతం, 1904 డిసెంబరులో ఆయన చేర్చిన అనుబంధంతో, అమెరికా జోక్యానికి అనుమతి పత్రం అయింది. 1905 నుంచి డొమినికన్ కస్టమ్స్ కార్యాలయాలను అమెరికన్లు నడిపారు. వచ్చిన సొమ్ములో 55 శాతం అప్పులవారికి, 45 శాతం ఆ దేశ ప్రభుత్వానికి. సెనెట్ సంధిని తొక్కిపట్టినా రూజ్‌వెల్ట్ తన అధికారంతో తాత్కాలిక ఒప్పందం పేరుతో దాన్ని నడిపించాడు. మళ్లీ మరో తలుపు. సుంకాలే ప్రధాన ఆదాయమైన దేశంలో కస్టమ్స్ కార్యాలయం ఎవరి చేతిలో ఉంటే ప్రభుత్వం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఆ పద్ధతికి రూజ్‌వెల్ట్ తర్వాతి అధ్యక్షుడు టాఫ్ట్ కాలంలో డాలర్ దౌత్యం అన్న పేరు స్థిరపడింది. నికరాగువాలో 1912 నుంచి 1933 వరకూ, మధ్యలో కొద్దికాలం మినహా, అమెరికా మెరైన్ సైనికులు ఉన్నారు. హైతీలో 1915 నుంచి 1934 వరకు, డొమినికన్ రిపబ్లిక్‌లో 1916 నుంచి 1924 వరకు. ఈ చివరి రెండు ఆక్రమణలూ జాతుల స్వయంనిర్ణయం గురించి ప్రపంచానికి ఉపన్యసించిన ఉడ్రో విల్సన్ హయాంలో మొదలైనవే. హైతీకి సైన్యం పోకముందే, 1914 డిసెంబరులో, మెరైన్లు ఆ దేశపు జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్క్ తరలించారు. విదేశీయులు భూమి కొనకూడదన్న నిషేధాన్ని 1918 రాజ్యాంగంలో తొలగించారు. రోడ్లకోసం వెట్టిచాకిరీ చేయించారు. దాని మీద తిరగబడిన షార్లమేన్ పెరాల్ట్‌ను 1919లో చంపి, శవాన్ని తలుపుకు కట్టి ఫొటో తీసి పంచారు.

మీ రెండో ప్రశ్న, తిరుగుబాటుతో పుట్టిన దేశం ఎలా ఒప్పుకుందన్నది. అందరూ ఒప్పుకోలేదు. 1898లో బోస్టన్‌లో మొదలైన సామ్రాజ్యవాద వ్యతిరేక లీగ్‌లో మార్క్ ట్వైన్, ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ, కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్, తత్వవేత్త విలియం జేమ్స్ పక్కపక్కన నిలబడ్డారు. అయితే వాళ్లను మరీ ఎత్తేయకండి. దక్షిణ కరోలినా సెనెటర్ టిల్‌మన్ లాంటివారు వలసలను వ్యతిరేకించింది నల్లవారు, గోధుమ రంగువారు అమెరికాలోకి వస్తారన్న ద్వేషంతోనే. గాంపర్స్‌కు చవక కూలీల భయం ఉంది. వలస కావాలన్నవారూ వద్దన్నవారూ ఒకే జాతి వివక్ష నుంచి వ్యతిరేక నిర్ణయాలకు వచ్చిన వింత ఇది. ఇక డెమోక్రాట్ల నాయకుడు బ్రయన్, ముందు యుద్ధం ముగియనీ, స్వాతంత్ర్యం సంగతి ఎన్నికల్లో తేల్చుకుందామని సంధికి మద్దతివ్వమన్నాడు. 1900 ఎన్నికల్లో ఓడాడు. ఆ జనవరిలోనే ఇండియానా సెనెటర్ బెవరిడ్జ్, ఫిలిప్పీన్స్ శాశ్వతంగా మనదే, దాని అవతల చైనా అంతులేని మార్కెట్లు ఉన్నాయని సెనెట్‌లో గర్జించాడు.

శాశ్వతం అన్నది 1946 జులై 4 వరకే సాగింది. స్వాతంత్ర్యానికి ముహూర్తం 1934లోనే పెట్టారు. ఆ మాంద్యం రోజుల్లో ఫిలిప్పీన్స్ చక్కెర, కొబ్బరి నూనె పోటీ వద్దని అమెరికన్ రైతులు పట్టుబట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. కలుపుకోవడానికి చక్కెర తోడ్పడినట్టే వదిలించుకోవడానికీ తోడ్పడింది. స్వతంత్ర ఫిలిప్పీన్స్ తన ఖనిజాలు, అడవుల మీద అమెరికన్లకు సమాన హక్కు ఇచ్చేలా రాజ్యాంగాన్ని సవరించుకోవలసి వచ్చింది, 1947లో స్థావరాలకు 99 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. క్యూబా పద్ధతి చివరికి ఫిలిప్పీన్స్‌కూ చేరిందన్నమాట. ఆ గడువును తర్వాత 1991కి తగ్గించారు. ఆ ఏడాది సెప్టెంబరులో స్థావరాలను పొడిగించే సంధిని ఫిలిప్పీన్స్ సెనెట్ 12–11 ఓట్లతో తోసిపుచ్చింది.

నారింజల తీర్పు మాత్రం ఇంకా ఉంది. ప్యూర్టోరికో జనం 1917 నుంచి అమెరికా పౌరులే, అయినా దీవిలో నివసిస్తున్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. ప్రతినిధుల సభలో వారికి ఒక సభ్యుడున్నా బిల్లుల తుది ఓటింగులో అతని ఓటు లెక్కకు రాదు. అమెరికన్ సమోవాలో పుట్టినవారికి పుట్టుకతో పౌరసత్వమే రాదు. 2022లో, న్యూయార్క్ నుంచి ప్యూర్టోరికోకు మకాం మార్చినందుకు వైకల్య భృతి పోగొట్టుకున్న ఒక వ్యక్తి కేసును సుప్రీంకోర్టు 8–1 తేడాతో ప్రభుత్వానికి అనుకూలంగా తేల్చింది. 1901 నాటి ఆ తీర్పుల వరస జాతి వివక్ష మీద నిలబడిందనీ, దాన్ని కొట్టివేయాలనీ జస్టిస్ గోర్సచ్ విడిగా రాశారు. ఆ పని చేయమని ఈ కేసులో ఎవరూ అడగలేదు కనుక కోర్టు దాని జోలికి పోలేదు.